‘అ’ సీసా

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, కట్టుడు పళ్లు చేసే దుకాణం పైఅంతస్తులో ఉంది జయమణి డిటెక్టివ్ ఏజెన్సీ. పళ్ల కోసం వచ్చినవాళ్లు పొరపాటున పైకెక్కడం, దొంగల కోసం వచ్చినవాళ్లు కిందే ఆగిపోవడం అక్కడ మామూలే. అందుకే 2003 ఆగస్టులో ఒక గురువారం పొద్దున, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఒక యువతి గుమ్మంలో నిలబడగానే, అసిస్టెంట్ మహీధర్ తలెత్తకుండానే అన్నాడు.

"పళ్లు కింద, మేడం."

"పళ్లు కాదండీ. ఒక మనిషి చచ్చిపోతాడేమోనని భయంగా ఉంది."

మహీధర్ తలెత్తాడు. లోపలి గదిలోంచి జయమణి గొంతు వినిపించింది.

"రామ్మా. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగావు. వెనక్కి పోదామా అనుకున్నావు కదూ?"

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"అలిసి ఆగినవాళ్ల ఊపిరి వినిపిస్తుంది. నీ విషయంలో చెప్పు వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది."

మహీధర్ గర్వంగా నోటుపుస్తకం తెరిచాడు. జయమణి వయసు యాభై ఆరు. ముప్పై ఏళ్లు ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి, స్వచ్ఛందంగా రిటైరై ఈ వృత్తిలోకి వచ్చింది. 'మొహం అబద్ధం ఆడుతుంది, నోరు ఇంకా ఎక్కువ ఆడుతుంది. మోకాలికి మాత్రం అబద్ధం రాదు' అన్నది ఆమె సిద్ధాంతం. మహీధర్ ఆ వాక్యాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాడు.

వచ్చిన అమ్మాయి పేరు తబిత. మెదక్ వాళ్లమ్మాయి. గన్‌ఫౌండ్రీ సందులో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉన్న చిన్న పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. రోగాలొచ్చినప్పుడు మనిషి కండలు ఎందుకు కరిగిపోతాయి, వాటిని నిలబెట్టే దారేమిటి అన్నది ఆమె పని.

"మా నాన్నని క్యాన్సర్ కంటే ముందు ఈ కరిగిపోవడమే మంచాన పడేసింది," అంది తబిత. "చివర్లో గ్లాసు కూడా ఎత్తలేకపోయాడు. అందుకే ఇందులోకి వచ్చాను. మన ఒంట్లో ఒక ప్రోటీన్ ఉందండీ. కండని 'ఇక పెరగొద్దు' అని ఆపుతుంది."

"బండికి బ్రేకులాగా."

"అవును. ఆ బ్రేకుని వదులు చేసే మందు మీద రెండేళ్లుగా పనిచేస్తున్నాం. కండలు కరిగిపోయే జాతి ఎలకలు నలభై ఉన్నాయి. ఇరవైకి ‘అ’ సీసాలోది, ఇరవైకి ‘ఆ’ సీసాలోది సూదితో ఇస్తాం. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉత్త ఉప్పునీళ్లు. ఏది ఏదో నాకూ తెలియదు. తెలిస్తే మనసు ఒక పక్కకి మొగ్గుతుంది కదా, అందుకని. తయారుచేసి పంపినవాళ్లు ఆ సంగతి రాసి సీలు వేసిన కవరు బ్యాంకు లాకర్లో ఉంది. అన్నీ అయ్యాక తెరవాలి."

"మరి పోయింది?"

"‘అ’ సీసా. సోమవారం పొద్దున చూస్తే లేదు. ‘అ’ ఎలకలు తీగకి వేలాడదీస్తే మూడేసి నిమిషాలు పట్టు వదలడం లేదు. ‘ఆ’ ఎలకలు నలభై సెకన్లకే పడిపోతున్నాయి. అదే మందని ఎవరికైనా అర్థమవుతుంది. ఎవడో కండల కోసం పొడుచుకోడానికే పట్టుకెళ్లాడు." ఆమె చేతిరుమాలుని వేళ్లకి చుట్టుకుంది. "అది మనుషుల మీద ఎప్పుడూ వాడింది కాదు మేడం. గుండె కూడా కండే కదా. దాన్నేం చేస్తుందో నాకు తెలియదు."

"పోలీసులకి చెప్పారా?"

"డైరెక్టర్ గారు వద్దన్నారు. అయినా ఉండబట్టలేక ఫోన్ చేశాను. 'ఎలకల మందు పోయింది' అనగానే, బేగం బజార్‌లో ఇంకో డబ్బా కొనుక్కోమని పెట్టేశారు."

జయమణి చెప్పులేసుకుంది.

మేడ కింది అంతస్తులో జిమ్ము ఉంది. గుమ్మం మీద ఛాతీ విరుచుకున్న ఆంజనేయుడి బొమ్మ, దాని కింద దాదాపు అదే భంగిమలో దాని యజమాని శ్యామ్‌సుందర్.

"ఎవలు గావాలె మేడమ్? లేడీస్ బ్యాచ్ లేదు."

"పైకి వెళ్తున్నాం బాబూ."

"ఓ, ఎలకల కాడికా!" అని అతను దారిచ్చాడు. పక్కకి జరిగేటప్పుడు భుజం మీది తువ్వాలుని చప్పున కిందికి లాగి పొట్ట కప్పుకున్నాడు. మహీధర్ అది రాసుకున్నాడు.

ల్యాబ్‌లో ఫ్రిజ్ చిన్నది, నేలమీదే ఉంది. తాళంచెవి పక్కనే మేకుకి వేలాడుతోంది, ఆ మేకు సంగతి తెలియనివాళ్లు ఆ మేడలో లేరు. సీసాలు ఉండేది అన్నిటికంటే కింది అరలో, వెనకాల. జయమణి గొంతుక్కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది. లేచి అటూ ఇటూ తిరిగి, చేతులు కడుక్కునే సింకు దగ్గర ఆగింది. సింకు అంచు మీద మూరెడు పొడవు పట్టుకారు ఒకటి పడి ఉంది. దాని కొనకి అంటుకుని గోరంత కాగితం పేలిక.

"ఇది ఇక్కడే ఉంటుందా?"

"లేదే," అంది తబిత. "మరిగే నీళ్లలోంచి గొట్టాలు తీయడానికి వాడతాం. ఆ చివర కొక్కేనికి ఉంటుంది." పేలికని వెలుగులో చూసి గబుక్కున ఊపిరి పీల్చింది. "ఇది సీసా మీది లేబుల్ ముక్క!"

"వేలిముద్రలు పడకుండా పట్టుకారుతో తీశాడు!" అన్నాడు మహీధర్.

"తాళంచెవిని, ఫ్రిజ్ తలుపుని దేంతో పట్టుకున్నాడంటావ్?" అంది జయమణి. మహీధర్ రాసింది కొట్టేశాడు.

కేంద్రంలో తబిత కాక ముగ్గురే మనుషులు. మొదట వచ్చింది జూనియర్ పరిశోధకుడు ఆశీష్. ఇరవై ఆరేళ్లు. పక్కకి తిరిగితే కనిపించనంత సన్నం. పై అరలో ఉన్న రిజిస్టర్ ఇవ్వమని జయమణి అడిగితే, చెయ్యి భుజం దాకా ఎత్తి, కళ్లలో నీళ్లు తిరగ్గా దించేశాడు.

"మీరు తీసుకోరా అన్నా, ప్లీజ్," అన్నాడు మహీధర్‌తో.

"చేతికేమైంది?"

"ఏం కాలేదు మేడం. చెయ్యి బానే ఉంది. ఆ అర బాగా ఎత్తులో ఉంది."

"‘ఆ’ ఎలకల్ని నువ్వు చూసుకుంటావా?"

"అవును మేడం. లోపలి గదిలో ఉంటాయి. రూలు ప్రకారం కొలిచిన మేత, కొలిచిన నీళ్లు. కిటికీ వైపు ‘అ’ ఎలకల్ని దుర్గయ్య చూసుకుంటాడు."

దుర్గయ్య కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని బోనులు తుడుస్తున్నాడు. వయసులో ధూల్‌పేట తాలీమ్‌లో కుస్తీలు పట్టినవాడు. మీసం ఇంకా కుస్తీకి సిద్ధంగానే ఉంది, పళ్లు మాత్రం ముందు రెండూ తప్ప అన్నీ రాజీనామా చేశాయి. కిటికీ గట్టు మీద నానిన సెనగల పొట్టు అక్కడక్కడా ఎండి అతుక్కుని ఉంది. ఒక బోనులో ఐస్‌క్రీమ్ పుల్లలతో కట్టిన బుల్లి నిచ్చెన.

"ఈ సెనగలు ఎవరు తింటారు దుర్గయ్యా?"

"నేనేనమ్మా. పొద్దుగాల చాయ్‌తోని."

"నిచ్చెన?"

దుర్గయ్య మీసం తడుముకున్నాడు. "ఉత్తగ ఉంటే పొద్దు పోతదా అమ్మా? జర చేతిపని."

మహీధర్ జాలిపడి, తమ కింది దుకాణం కార్డు ఇచ్చాడు. "పళ్ల సెట్టు బాగా చేస్తాడు."

చివరగా డైరెక్టర్ గది. వామన్‌రావుకి అరవై రెండేళ్లు. పాత హైదరాబాదు మర్యాద. వాళ్లు రాగానే "రండి, రండి, కూర్చోండి, చాయ్ తాగాలె తప్పదు" అంటూ కుర్చీలు చూపించాడు. ఆయన మాత్రం ఛాతీ ఎత్తు బల్ల ముందు నిలబడి, ఒక చెయ్యి బీరువాకి ఆనించి మాట్లాడాడు. ఆయనకి కుర్చీయే లేదు.

"మీరు కూర్చోరా?"

"కూర్చుంటే ఆయుష్షు తగ్గుతుందని చదివానమ్మా. ఎనిమిది నెలలుగా నిలబడే పని. ఎంత హుషారుగా ఉందో!"

"సీసా ఎవరు తీశారంటారు?"

"ఎక్కడో పగిలి ఉంటుంది. ఈ అమ్మాయి ఊరికే ఫికర్ చేస్తోంది."

"ఎవరైనా పొడుచుకుని ఉంటే?"

"ఎలకకి పడింది మనిషికి పడదా?" అని నవ్వాడు వామన్‌రావు.

రాస్తూ రాస్తూ మహీధర్ పెన్ను జారవిడిచాడు. అది దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా డైరెక్టర్ పాదాల దగ్గర ఆగింది. చాయ్ కప్పు తానే అందించిన ఆ మర్యాదస్తుడు పెన్ను వంక ఒక్క క్షణం చూసి, "మీ పెన్ను, బాబూ," అన్నాడు. మహీధరే వెళ్లి తీసుకున్నాడు.

మేడ దిగుతుండగా పెరటి చెత్తడబ్బాలో మహీధర్‌కి నిధి దొరికింది. సన్నటి ప్లాస్టిక్ సిరంజి. వాడినది. జిమ్ము వెనక తలుపు పక్కనే.

"టీచర్! కేసు అయిపోయింది! తువ్వాలు కప్పుకున్న ఆ పొట్ట..."

"అయితే అతని వెనకే వెళ్లి చూడు," అంది జయమణి. "కానీ కనబడకు."

మహీధర్ వెళ్లాడు. శ్యామ్‌సుందర్ ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి ఒక మందుల షాపులో దూరాడు. అటూ ఇటూ చూసి, ఏదో పొట్లం కొని తువ్వాల్లో చుట్టుకున్నాడు. మహీధర్ చెప్పుల దుకాణం ముందు నిలబడి ఒక ఆడవాళ్ల చెప్పుని శ్రద్ధగా పరిశీలిస్తూ, ఓరకంట అన్నీ చూశాడు. తిరిగి సందులోకి వచ్చేసరికి భుజం మీద ఒక చెయ్యి పడింది. చెయ్యి కాదు, రోకలి.

"పొద్దుగాల్నుంచి నా ఎనక తిరుగుతున్నవ్. ఏంది సంగతి?"

మహీధర్ మెదడు ఆగిపోయింది. నోరు మాత్రం పనిచేసింది. "జిమ్ములో... చేరదామని అన్నా. అడగడానికి సిగ్గేసి."

శ్యామ్‌సుందర్ మొహం విచ్చుకుంది. "గిదా! సిగ్గేంది తమ్మీ? రా లోపలికి. ఇయ్యాల్టికి జర హల్కాగ రెండొందల బస్కీలు తీద్దాం, గుంజీళ్ల లెక్క."

శుక్రవారం పొద్దున మహీధర్ ఆఫీసు మెట్లు పక్కకి తిరిగి, పీతలాగా ఎక్కాడు. కుర్చీలో కూర్చోవడం కూర్చోలేదు, పడ్డాడు. మందుల షాపు పొట్లం సంగతంతా వీరుడిలా వివరించాడు.

"బాగుంది. ఆ ఫైలు ఇలా ఇవ్వు," అంది జయమణి.

మహీధర్ లేవబోయాడు. లేవలేదు. రెండు అరచేతులూ తొడల మీద ఆనించి, ఒంటిని పైకి నెట్టుకుంటూ, తన కాళ్ల మీద తానే పాక్కుంటూ ఎక్కినట్టు, మెల్లగా నిటారయ్యాడు.

జయమణి చేతిలో చాయ్ కప్పు గాల్లోనే ఆగింది.

"మళ్లీ కూర్చో."

"టీచర్!"

"కూర్చో మహీధర్. ఇప్పుడు మళ్లీ లే."

అతను మూలుగుతూ మళ్లీ అలాగే లేచాడు.

"ఇవాళ నీ కాళ్ల పరిస్థితికి, నేలబారు అరలో వెనకాల ఉన్న సీసా తీయాలంటే ఎలా తీస్తావ్?"

"వంగితే ముందుకి పడిపోతానేమో. గొంతుక్కూర్చుంటే లేవలేను. ఏ కర్రతోనో లాగుతా..." మహీధర్ కళ్లు పెద్దవయ్యాయి. "పట్టుకారు!"

"తబితకి ఫోన్ చెయ్యి. బ్యాంకుకి వెళ్లి ఆ కవరు తెచ్చుకోమను. తెరవొద్దు, దగ్గర ఉంచుకోమను, అంతే. మూడింటికి అందరూ ల్యాబ్‌లో ఉండాలి."

"దొంగ ఎవరో నాకు తెలిసింది టీచర్," అన్నాడు మహీధర్ రహస్యంగా. "డైరెక్టర్. ఎందుకు కూర్చోడో తెలుసా? తుంటికి పొడుచుకుంటున్నాడు. నొప్పి!"

జయమణి అతన్ని మెచ్చుకోలుగా చూసింది. "సగం రైటు. కానీ సీసా పోయినట్టు తెలిసింది మొన్న సోమవారం. ఆయన కూర్చోవడం మానేసి ఎనిమిది నెలలు."

మూడింటికి ల్యాబ్‌లో జిమ్ము నుంచి తెప్పించిన పొట్టి బల్లలు వేసి ఉన్నాయి. జానెడు ఎత్తు కూడా లేవు. శ్యామ్‌సుందర్, ఆశీష్, దుర్గయ్య, తబిత కూర్చున్నారు. మహీధర్ కూర్చోకుండా గోడకి ఆనుకున్నాడు, ఎవరూ కారణం అడగలేదు. వామన్‌రావు కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. జయమణి మెడలో స్కూలు రోజుల నాటి విజిల్ వేలాడుతోంది. అందర్నీ కూర్చోబెట్టి, ఒక్కసారి విజిల్ ఊది లేవమనాలని ఆమె ఆలోచన. లేవలేని మనిషి ఎవరో అందరికీ కనిపిస్తాడు. అందుకోసమే ఆ బల్లలు.

"మొదట శ్యామ్‌సుందర్," అంది. "చెత్తడబ్బాలో సిరంజి నీదే కదా?"

శ్యామ్‌సుందర్ మొహం ఎర్రబడింది. "మేడమ్, అందరి ముంగట..."

"నువ్వు దొంగవి కాదని అందరి ముందే చెప్పాలి కదా బాబూ. అది ఇన్సులిన్ సూది. పొట్టకి తీసుకుంటావు."

"షుగర్ మేడమ్. మూడేండ్లాయె," అన్నాడు ఆ పహిల్వాన్ చిన్న గొంతుతో. "కండలు జూపించి బతికేటోనికి షుగరున్నదంటే ఎవడొస్తడు జిమ్ముకి?"

"నేనొస్తా అన్నా," అన్నాడు ఆశీష్ తొందరపడి. తర్వాత నాలుక్కరుచుకున్నాడు.

"నువ్వు ఆల్రెడీ వెళ్తున్నావు," అంది జయమణి. "చేతులు ఎత్తలేకపోవడం మొదటి వారం బరువులెత్తినవాడి లక్షణం. మందు పొడుచుకున్నవాడికి బరువులెందుకు?"

"చర్చి క్వయర్లో ఒకమ్మాయి నన్ను పెన్సిల్ అంటోంది మేడం," అని ఒప్పుకున్నాడు ఆశీష్.

తబిత తల పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

జయమణి పట్టుకారు చేతిలోకి తీసుకుంది. "సీసా ఉన్నది నేలబారు అరలో. శ్యామ్‌సుందర్ రోజూ బస్కీలు తీసేవాడు. ఆశీష్‌కి చేతులే నొప్పి, కాళ్లు కాదు. దుర్గయ్య బోనుల కోసం రోజంతా వంగి లేస్తుంటాడు. వీళ్లెవరికీ మూరెడు పట్టుకారు అక్కర్లేదు. కిందికి వంగడానికి భయపడే మనిషికే ఇది కావాలి. తన కాలి దగ్గర పడ్డ పెన్నుని కూడా తీయలేని మనిషికి."

జయమణి చెయ్యి విజిల్ మీదికి వెళ్లింది. కిటికీ దగ్గరికి చూసింది. చువ్వని పట్టుకున్న వామన్‌రావు వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఆయన ఆ పొట్టి బల్లల వంక చూస్తున్నాడు. ఎందుకు వేశారో ఆయనకి అర్థమైంది.

జయమణి విజిల్ మెడలోంచి తీసి సంచిలో వేసుకుంది.

"మీరు నిలబడే ఉండండి సార్," అంది మెల్లగా. "చెప్పాలనుకుంటే మీరే చెప్పండి."

వామన్‌రావు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు. "ముందు మెట్ల దగ్గర తెలిసింది. తర్వాత కుర్చీలోంచి లేవాలంటే తొడల మీద చేతులు పెట్టాల్సి వచ్చింది. నా తొడలు నా చేతికే సన్నగా తగిలేవి. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల కండ ముక్కలన్నీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసినవాణ్ణి. నా కండ ఇంకొకడికి చూపించాలంటే సిగ్గేసిందమ్మా. ఆదివారం వచ్చి సీసా తీశాను."

"ఎంత తీసుకున్నారు?" తబిత లేచి నిలబడింది. "సార్, ఎంత?"

"రోజుకొకటి. ఐదు." ఆయన కాస్త సిగ్గుతో కూడిన ఉత్సాహంతో అన్నాడు, "కానీ తబితా, పనిచేస్తోంది! నిన్న మెట్లు రెండుసార్లు ఎక్కాను. ఆగకుండా!"

తబిత చేతిలోని కవరు వంక చూసింది. దాని మీది లక్క సీలు ఇంకా చెక్కుచెదరలేదు. ఇప్పుడు చించితే రెండేళ్ల ప్రయోగం అక్కడితో సరి. ఇంకా వారం కొలతలు మిగిలే ఉన్నాయి.

"చించకు," అన్నాడు వామన్‌రావు. ఇప్పుడు ఆ గొంతు డైరెక్టరుది. "నా కోసం చించకు. నేను చేసిన తప్పుకి నీ పని పోవద్దు."

"మీ గుండెకి ఏమైనా అయితే దవాఖానలో డాక్టరు 'లోపలికి ఏం వెళ్లింది' అని అడుగుతాడు. అప్పుడు నేనేం చెప్పను సార్?" అంది తబిత. పర్రుమని చించింది.

కాగితం చదివింది. మళ్లీ చదివింది. తర్వాత సోమవారం నుంచి పట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలి, బల్ల మీద కూలబడింది.

"ఉప్పునీళ్లు," అంది. "‘అ’ సీసాలో ఉప్పునీళ్లు."

"కానీ నేను మెట్లు..." అన్నాడు వామన్‌రావు.

"ఉప్పునీళ్లతోనే ఎక్కిన్రు సార్!" అన్నాడు దుర్గయ్య సంబరంగా.

శ్యామ్‌సుందర్ ముందు నవ్వాడు. తర్వాత అందరూ. ఆఖరికి వామన్‌రావు కూడా, చువ్వ వదలకుండానే, భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు తగ్గాక తబిత నుదురు ముడిపడింది.

"అలా ఎలా కుదురుతుంది? ‘అ’ ఎలకలు మూడు నిమిషాలు వేలాడుతున్నాయి. ఉప్పునీళ్లకి కండలు రావు."

"రావు," అంది జయమణి. "సెనగలకి వస్తాయి. దుర్గయ్యా, రెండు పళ్లతో నానిన సెనగలు తిన్నా పొట్టు అంత శుభ్రంగా ఊడిరాదు. బుల్లి పళ్లు ఒలిచిన పొట్టు అది. ఆ నిచ్చెన ఎవరి కోసం?"

దుర్గయ్య మీసం కిందికి దిగిపోయింది. తబిత వైపు చేతులు జోడించాడు.

"తప్పయింది బిడ్డా. అవి గిట్ల బక్కగ, తోకకి తోలు జుట్టినట్టు ఉంటే నా పానం నిలువలే. తాలీమ్‌ల మా ఉస్తాద్ ఏమంటుండె? సెనగలు పెట్టు, కసరత్తు చేపియ్యి, మాలిష్ చెయ్యి అని. రోజూ పొద్దుగాల పావుగంట నిచ్చెన ఎక్కిచ్చిన. తీగకి ఏలాడుడు నేర్పిన. లోపలి అర్రల ఉన్నటియి ఆశీష్ సార్ జూస్తడు గద, గాడికి నేను పోలే."

"మాలిష్ కూడానా?" అన్నాడు ఆశీష్.

"నువ్వుల నూనెతోని. అయ్యో, ఒక్కొక్కటి ఎంత సల్లగ పండుకుంటుండె!"

తబితకి కోపం తెచ్చుకోవాలని ఉంది. రావలసినంత రాలేదు. చేతుల్లో తల పెట్టుకుని కూర్చుంది. "అయితే అసలు మందు ‘ఆ’ ఎలకలకి వెళ్లింది. అవి నలభై సెకన్లకే పడిపోతున్నాయి. అంటే మందు పనిచేయలేదు. రెండేళ్లు..."

"మొదట్లో ఎన్ని సెకన్లు వేలాడేవి?" అని అడిగింది జయమణి.

"నలభై రెండు, నలభై మూడు..." తబిత తల మెల్లగా పైకి లేచింది. "ఆశీష్, రిజిస్టర్!"

ఆశీష్ చెయ్యి ఎత్తబోయి ఆగాడు. శ్యామ్‌సుందర్ తీసి ఇచ్చాడు. ఆమె పేజీలు తిప్పింది, వేలుతో వరస వెంబడి దిగింది.

"ఈ జాతి ఈ వయసుకి పది సెకన్లకి దిగిపోవాలి," అంది. "ఇవి ఆరు వారాలుగా నలభై దగ్గరే ఉన్నాయి. పెరగలేదు సార్. కానీ తగ్గలేదు. మనం పెరిగే ఎలకల్నే చూస్తూ, తగ్గని ఎలకల్ని చూడనేలేదు."

వామన్‌రావు చువ్వ వదిలి రెండడుగులు వేశాడు. శ్యామ్‌సుందర్ అడ్డం వచ్చి చెయ్యి ఇస్తే పట్టుకుని, రిజిస్టర్ మీదికి వంగి ఆ అంకెలు చదివాడు. చాలాసేపు చదివాడు.

"రుజువు కాదు," అన్నాడు. "దుర్గయ్య సెనగలు కలిశాక ఏదీ రుజువు కాదు. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. నాలుగు గుంపులు పెట్టు. మందు ఒక్కటే, కసరత్తు ఒక్కటే, రెండూ కలిపి, ఏదీ లేకుండా. సెనగలు పరిశోధనలో వాడొచ్చని నేను కలలో కూడా అనుకోలేదు!"

"ఏదీ లేని గుంపు నాకియ్యొద్దు బిడ్డా," అన్నాడు దుర్గయ్య వెంటనే. "నాతోని గాదు."

"అదంతా సోమవారం," అంది జయమణి. "ఇప్పుడు మీరు పెద్ద దవాఖానకి వెళ్లాలి సార్, నరాల డాక్టరు దగ్గరికి. మీకున్నది ఏ జబ్బో మీకే తెలియదు."

"నాకు తెలియదా? ముప్పై ఏళ్లు..."

"మీరు ఎలకల డాక్టరు. కండలు కరగడానికి వంద కారణాలుంటాయని మీరే పాఠం చెప్పుంటారు. మందున్న కారణం కూడా అయ్యుండొచ్చు కదా. ఎనిమిది నెలలు ఎవరికీ చూపించకుండా నిలబడి ఉంటే ఎలా తెలుస్తుంది?"

వామన్‌రావు చుట్టూ చూసి, పక్క గదిలో సందర్శకుల కోసం వేసిన చేతుల కుర్చీ వైపు తల ఊపాడు. ఆశీష్ దాన్ని ఈడ్చుకొచ్చాడు. ఆయన అందరి ముందూ అందులో కూర్చున్నాడు. కూర్చుంటూ "అబ్బా!" అన్నాడు, ఎనిమిది నెలల అలసటా అందులో ఉంది.

తర్వాత జరిగింది ఆ సందులో చాన్నాళ్లు చెప్పుకున్నారు. లేవడానికి ఆయన తొడల మీద చేతులు పెట్టబోతుంటే శ్యామ్‌సుందర్ "ఉండున్రి సార్" అని కిందికి ఒక కేక వేశాడు. బనీన్లు వేసుకున్న నలుగురు పహిల్వాన్లు పరిగెత్తుకుంటూ వచ్చారు. కుర్చీకి నాలుగు కాళ్లు, కాలికొకడు. "ఏక్, దో, తీన్!" డైరెక్టర్ గారు కుర్చీతో సహా గాల్లోకి లేచారు. తబిత ముందు నడుస్తూ మలుపులు చెబుతోంది, దుర్గయ్య వెనకాల గొడుగు పట్టుకున్నాడు. వాన లేదు, ఎండా లేదు. సందులో వాళ్లు ఎవరిదో ఊరేగింపనుకుని దండాలు పెట్టారు. వామన్‌రావు మొదట మొహం దాచుకుని, మెట్లు దిగేసరికి ఒకరిద్దరికి తిరిగి నమస్కారం కూడా పెట్టాడు.

మహీధర్ గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ మూలుగుతూ అందరికంటే చివర దిగాడు. "నన్నూ ఎత్తుకోమనండి టీచర్," అన్నాడు.

"నీది రెండ్రోజుల్లో తగ్గుతుంది," అంది జయమణి.

ఆటో వచ్చింది. పహిల్వాన్లు ఆయన్ని చంటిపిల్లాణ్ణి దించినట్టు లోపల కూర్చోబెట్టారు. తబిత ఆయన పక్కన కూర్చుంది. ఆటో కదలబోతుంటే వామన్‌రావు ఆగమని డ్రైవర్ భుజం తట్టి, ఆమె వైపు తిరిగాడు.

"కొత్త సీసాలకి పేర్లు పెడతావు కదా తబితా."

"పెడతాను సార్."

"ఆ ఫ్రిజ్‌కి ఇంకో తాళం కొను. చెవి ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు."

తబిత తల ఊపింది. ఆటో ఆబిడ్స్ వైపు తిరిగింది.